తప్పు దిద్దడానికి వచ్చిన సారు

మా ఇంగ్లిష్ సారు పోయారని నిన్న పొద్దున పాత బ్యాచ్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. పంజాగుట్టలో మా బ్యాంకు కౌంటర్‌లో కూర్చుని, ఎదురుగా నిలబడ్డ మనిషిని కూడా మరిచిపోయి, ఆ ఒక్క లైనే చూస్తూ ఉండిపోయాను.

అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో, మూడో అంతస్తు గది. బ్యాంకు పరీక్షల ఇంగ్లిష్ అక్కడే చెప్పేవారు. కింద హారన్లు, కరపత్రాలు పంచేవాళ్ల కేకలు. సారు మెత్తటి గొంతుతో ఒక్కో వాక్యం చదువుతుంటే ఆ రొద ఎటో దూరంగా జరిగిపోయేది. వాక్యాలు నీళ్లలో తేలి వస్తున్నట్టుండేవి.

"నాలుగు ఆప్షన్లూ పెదాలతో చదవండమ్మా. చెవికి గుచ్చుకున్నది పక్కన పెట్టండి. రూలు తర్వాత" అనేవారు. ఎవరైనా 'డిస్కస్ అబౌట్' అంటే కోప్పడేవారు కాదు. "ఆ అబౌట్ పాపం, దారి తప్పి వచ్చింది. పంపించేయండి."

నేను అప్పటికే రెండుసార్లు ఆ పరీక్ష తప్పాను. ఈసారీ ఉద్యోగం రాకపోతే సనత్‌నగర్‌లో అన్న పనిచేసే ఫ్యాక్టరీలో చేరాలని ఇంట్లో అనేసుకున్నాం.

పరీక్షకు ముందురోజు చివరి క్లాసు. కష్టపడే ఆడవాళ్లలో ఆమె ఒకరు అనే వాక్యం. 'వన్ ఆఫ్ ద విమెన్ హూ' తర్వాత 'వర్క్' రావాలా, 'వర్క్స్' రావాలా? సారు 'వర్క్స్' అన్నారు.

"సార్, కష్టపడేది ఆ ఆడోళ్లంతా గద? 'వర్క్' రావాలె" అన్నాను.

"'వన్' ఉందిగా అమ్మా. 'వర్క్స్' అనే రాసుకోండి."

క్లాసంతా నవ్వింది. తల దించుకున్నాను.

ఆ సాయంత్రం వానలో, యూసుఫ్‌గూడలోని మా అద్దె ఇంటి తలుపు ఎవరో తట్టారు. తీస్తే సారు! మెట్లెక్కిన ఆయాసం ఇంకా తగ్గలేదు.

"మీరు చెప్పిందే రైటమ్మా. ఇంటికెళ్లి పుస్తకం చూశాను. మీ ఫోనేమో కలవలేదు, ఆఫీసులో అడ్రసు రాసుకుని వచ్చాను."

"గీ ఒక్క మాట కోసం గింత వానల వచ్చిన్రా సార్?"

"రేపు మీరు మీ చెవిని కాకుండా నా మాటని నమ్మితే ఏంటి పరిస్థితి?"

జర చాయ్ తాగి పొమ్మని అమ్మ బతిమాలింది. ఫోను కలవని ఇంకో ఇద్దరికి కూడా చెప్పాలన్నారు.

ఆ ప్రశ్న పరీక్షలో రాలేదు. కానీ మర్నాడు ప్రతి వాక్యాన్నీ పెదాలతో చదివాను, భయం లేకుండా. ఉద్యోగం వచ్చింది.

సారు వచ్చిన ఆ సాయంత్రం కిటికీలోంచి చాలాసేపు చూశాను. వీధి దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. అడ్రసు చీటీ తడవకుండా చొక్కా లోపల పట్టుకుని, ఒక్కో గేటు దగ్గరా ఆగి నంబరు చదువుకుంటూ, సారు వానలోకి నడిచి వెళ్తున్నారు.