మార్కుల మాస్టారి సోమవారాలు

మార్కుల మాస్టారి ఎదుట ఎవరైనా కంటతడి పెడితే ఆయన ఓదార్చరు. జేబులోంచి పెన్ను తీసి, "పదికి ఎన్ని మార్కుల ఏడుపమ్మా ఇది?" అని అడుగుతారు.

టీవీ సీరియళ్ళు చూసేవాళ్ళు ఎక్కడ ఏడుస్తారు, ఎందుకు నవ్వుతారు, ఎవర్ని తిడతారు అన్నది యూనివర్సిటీలో ఆయన పరిశోధన. తను మాత్రం ఒక్క సీరియల్ కూడా చూసి ఎరగరు. "చూస్తే నేనూ అభిమానినైపోతాను. ఇక స్టడీ ఎవరు చేస్తారు?" అనేవారు. ఒకసారి బస్సులో పక్క సీటావిడ ఫోనులో సీరియల్ చూస్తూ ముక్కు చీదింది. అంతే, ఆవిడ దిగాల్సిన స్టాపు దాటిపోయేదాకా ప్రశ్నలు వేసి, తిట్లు తిని, ఆ తిట్లకూ మార్కులు వేసుకున్న మహానుభావుడాయన.

టైలరమ్మ ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు ఆవిడ చొక్కాకి కాజాలు కుడుతోంది. మాస్టారు ఫారం మీద 'ఇద్దరు ప్రేక్షకులున్న ఇల్లు' అని రాసుకున్నారు. ఇద్దరంటే ఆవిడా, ఆవిడ భర్తా. భర్త ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. సీరియల్లోనూ తప్పులే పట్టేవాడు. "నిన్న ఎడమ చేతికి కట్టు, ఇవాళ కుడి చేతికా!" అని టీవీ మీద విరుచుకుపడేవాడు. మాస్టారు పొంగిపోయి రాసుకునేవారు.

నెలకోసారి వచ్చే ఆయన, ప్రూఫులాయనకి పక్షవాతం వచ్చాక ప్రతి సోమవారం రావడం మొదలుపెట్టారు. "రూలు మారిందమ్మా, ఇక వారం వారం," అన్నారు. అప్పటికే చుట్టాలూ స్నేహితులూ మొహం చాటేశారు. ప్రూఫులాయన ఒక్క మాట కూడబలుక్కునేసరికి వచ్చినవాళ్ళ కాఫీ చల్లారిపోయేది మరి.

"నిన్నటి గొడవలో తప్పెవరిది?" అని అడిగేవారు మాస్టారు. సీరియల్లో రోజూ ఏదో ఒక గొడవ ఉంటుంది గనక ఆ ప్రశ్న ఎప్పుడూ పనికొచ్చేది.

"కో... కో..."

"కోడలిదంటున్నారు," అని టైలరమ్మ గబుక్కున అందుకునేది.

"అయ్యయ్యో, మీరు అందించకండమ్మా! శాంపిల్ పాడైపోతుంది!"

పెన్ను పట్టుకుని కదలకుండా కూర్చునేవారు. పావుగంటకి ప్రూఫులాయన, "కో...డలిది... కాదు. రాసిన... వాడిది," అనేవాడు. మాస్టారు తొడ చరుచుకుని నవ్వేవారు. టైలరమ్మకి ఒళ్ళు మండేది. ఒక్కో జవాబుకి నాలుగు కాజాలు కుట్టుకోవచ్చు కదా! అయినా సోమవారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడగమని మొగుడు సైగ చేస్తుంటే ఆ మంట కాస్తా చల్లారిపోయేది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ప్రూఫులాయన నిద్రలోనే పోయాడు. మాస్టారు వచ్చారు. ఇప్పుడు కూడా మార్కులు అడుగుతాడేమోనని టైలరమ్మ చెల్లెలు హడలిపోయింది. ఆయన జేబు మీద చెయ్యి వేసుకుని కాసేపు నిలబడి, చెప్పులు అక్కడే మరిచిపోయి వెళ్ళిపోయారు. ఆయన అడిగినా టైలరమ్మ సున్నా అనే చెప్పాల్సి వచ్చేది. ఆవిడకి ఒక్క చుక్క కన్నీరు రాలేదు.

ఆ తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. టీవీ మీద గుడ్డ కప్పేసింది. చెప్పుల కోసం వచ్చిన మాస్టారు ఆ గుడ్డ చూసి గుమ్మంలోంచే వెళ్ళిపోయారు. ఒకటే దిగులు పట్టుకుంది. ఇద్దరు ప్రేక్షకులున్న ఇంట్లో ఇప్పుడు ఒక్కరూ చూడటం లేదు. ఇక మాస్టారు దేనికి వస్తారు? మనిషీ పోయాడు, సోమవారమూ పోతుందా అనుకుంది. అలాగని తప్పుడు లెక్క ఇవ్వలేదు. ఎంతైనా ప్రూఫులాయన పెళ్ళాం. మనసు రాయి చేసుకుని యూనివర్సిటీకి వెళ్ళింది.

"మా ఇంటిని మీ లిస్టులోంచి కొట్టేయండి బాబూ. మా ఆయన పోయారు," అని గుమాస్తాకి చెప్పింది.

అతను బీరువా అంతా వెతికాడు. "ఆ స్టడీ ముగిసి రెండేళ్ళయిందమ్మా. రిపోర్టు కూడా ఇచ్చేశారు. మాస్టారు రిటైరై ఏడాది దాటింది."

"మరి వారం వారం ఫారాలు నింపుతున్నారే?"

"ఏ ఫారాలు?"

టైలరమ్మ అక్కడి బల్ల మీద కూలబడిపోయింది. ఆ పావుగంటలన్నీ కళ్ళముందు తిరిగాయి. ఆ రెండేళ్ళూ తన మొగుడి మాట పూర్తయ్యేదాకా ఆగిన మనిషి ఆయనొక్కరే. కట్టుకున్న తనూ ఆగలేదు. అన్నాళ్ళూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. పాపం, గుమాస్తా మంచినీళ్ళ కోసం పరుగెత్తాడు.

సోమవారం మాస్టారు ఠంచనుగా వచ్చారు.

"డిపార్టుమెంటుకి వెళ్ళొచ్చాను మాస్టారూ," అంది టైలరమ్మ.

ఆయన తీసిన పెన్ను మళ్ళీ జేబులో పెట్టేసుకున్నారు.

"ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"చెబితే జాలితో వస్తున్నాననుకునేవారమ్మా ఆయన. స్టడీ అంటే మర్యాదగా ఉంటుంది. అయినా అబద్ధమేం కాదు. నా సర్వీసు మొత్తంలో అలాంటి ప్రేక్షకుడు నాకు దొరకలేదు," అన్నారు.

"ఇక నన్నేం అడుగుతారు? నేను చూడటం మానేశాను."

మాస్టారు సంచిలోంచి కొత్త ఫారం తీశారు. పైన ఆయన చేతిరాత: 'చూడటం మానేసిన ప్రేక్షకులు: ఒక పరిశీలన'. కింద ఇరవై రెండు ప్రశ్నలు.

టైలరమ్మకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. కళ్ళు తుడుచుకుంది. "ఇదెన్నాళ్ళు?"

"చెప్పలేనమ్మా. చాలా పెద్ద స్టడీ."

"ఎంతమంది ఉన్నారేంటి ఇందులో?"

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని ఫారం అటూ ఇటూ తిప్పి చూశారు.

"ప్రస్తుతానికి మీరొక్కరే."

ఆవిడ కుట్టుమిషను పక్కకి జరిపి ఆయనకి కుర్చీ వేసింది.