అమ్మమ్మ కాచిన ద్రాక్షరసం

వన్ టౌన్‌లో డ్రైఫ్రూట్స్ కొట్ల ముందు నడిచినప్పుడల్లా గోనెసంచుల్లోంచి నల్ల ఎండుద్రాక్ష వాసన వస్తుంది, నేను మళ్ళీ మద్యనిషేధం నాటి కంకిపాడు పిల్లనైపోతాను.

ఆ రోజుల్లో సారా పాలక్యాన్ల అడుగునా, సైకిల్ ట్యూబుల్లోనూ, ఒకసారైతే పెళ్ళివారి గుమ్మడికాయల్లోనూ ప్రయాణం చేసేది. దాన్ని పట్టుకునే ఆడవాళ్ళకి మా అమ్మమ్మే పెద్ద. ఇంట్లో ఆమె తనిఖీ ఇంకా గట్టిది. ఒకప్పుడు తాగి గట్ల మీద పడిపోయిన తాతయ్య, మానేస్తానని ప్రార్థనలో మాటిచ్చాక కూడా, రోజూ పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోగానే ఆమె ముందు నిలబడాలి. "ఏదీ, ఊదయ్యా" అనేది. ఆయన బుద్ధిగా ఊదేవాడు. చుట్ట వాసన తప్ప ఏమీ ఉండేది కాదు. నాకు నవ్వొచ్చేది, ఆయనకు రాదని చాలాకాలం గమనించలేదు.

నెలకోసారి చర్చిలో జరిగే ప్రభుభోజనానికి ద్రాక్షరసం కూడా అమ్మమ్మే కాచేది. ఎండుద్రాక్ష నానబెట్టి, పిసికి, మరిగించి, పాతచీర గుడ్డలో వడగడితే ఇల్లంతా తియ్యటి వాసన, పిప్పంతా నాకు. ఎప్పుడూ శనివారమే కాచేది. ఆ మే నెలలో మాత్రం శనివారం సారా పట్టడానికి వెళ్ళాలని మంగళవారమే కాచి, సీసాకి బిరడా బిగించి అటక మీద పెట్టింది.

ఆదివారం ఆ రసం పోసిన గిన్నె చేతులు మారుతూ మగవాళ్ళ వరసలో తాతయ్య దాకా వచ్చింది. ఆయన ముక్కు దగ్గర పెట్టుకుని, ఒక్క క్షణం ఆగి, తాగకుండా పక్కవాళ్ళకిచ్చేశాడు. మా చర్చిలో గిన్నె వదిలేయడమంటే ఏదో తప్పు చేశానని అందరి ముందూ ఒప్పుకున్నట్టే. అమ్మమ్మ ముఖం మాడిపోయింది. మనసులో కోపం పెట్టుకుని తాగకూడదని, తన వంతు వచ్చినప్పుడు తనూ వదిలేసింది. మిగతా పెద్దలు మాత్రం ఆ రోజు తాగి గిన్నెని కాస్త నిదానంగా పక్కకిచ్చారు.

ఇంటికొచ్చాక అమ్మమ్మ ఊదమని కూడా అనలేదు. "మళ్ళీ మొదలెట్టావన్నమాట" అంది. తాతయ్య వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం సీసా కడగబోయి అమ్మమ్మ ఆగిపోయింది. అడుగున మిగిలినదాన్ని వాసన చూసి, నోట్లో పోసుకుంది. పులిసి ఘాటెక్కింది. తిన్నగా అరుగు మీదకెళ్ళింది.

"చెప్పొచ్చుగా?"

"నువ్వు కాచింది సారా అయిందని అందరిలో చెప్పమంటావా?" అన్నాడు తాతయ్య.

అమ్మమ్మ వంగి, ఆయన ముఖం మీద మెల్లగా ఊదింది. ఆ తర్వాత ఆయన్ని ఎప్పుడూ ఊదమనలేదు.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు, నిషేధమూ లేదు. చర్చి వీధి మలుపులోనే వైన్ షాపు. చర్చి లోపల చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో కొనుక్కొచ్చిన రసం ఇస్తారు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా రాదు. అయినా తాగేముందు ప్రతిసారీ, తాతయ్యలాగే, ఒక్క క్షణం ఆగుతాను.