గోడ వారన ఐదు వరసలు

మొన్న ఆదివారం మా పెద్ద మనవరాలు పుణేలో కొత్తగా అద్దెకు దిగిన ఇంటిని ఫోనులో తిప్పి తిప్పి చూపిస్తూ, చెక్క నేల పరిచిన గదిలో ఆగి, మామ్మా, గది నడుమ ఎక్కడా ఒక్క మేకు కనబడదు, గోడ వారన మాత్రం రెండు వరసలకి పైనుంచి కొట్టేశారు, ఇదేం పని, అని అడిగింది. వడ్రంగి పెళ్లాన్ని కదా, ఆ మాత్రం నాకు తెలుసు. ఒక్కో పలకకి ఒక అంచున గాడి, రెండో అంచున నాలుకలాంటి చెక్క ఉంటాయి తల్లీ, ఆ నాలుక మీద మేకు ఏటవాలుగా దిగ్గొట్టి పక్క పలక గాడిని దానిమీదకి తోస్తే మేకు లోపలే దాక్కుంటుంది, గోడ దగ్గరకొచ్చేసరికి సుత్తి విసరడానికి చోటుండదు, అందుకని ఆఖరి వరసలకి పైనుంచే కొట్టాలి, అని చెప్పాను. అంతేనా అంది, అంతే అన్నాను, ఫోను పెట్టేసింది.

ఆమెకి అంతేగానీ నాకు అంతే కాదు. మన ఊరి చర్చిలో తూర్పు గోడ వారన పైనుంచి మేకులు కొట్టినవి రెండు వరసలు కావు, ఐదు. ఆ తక్కిన మూడింటి సంగతే నా మనవలు మీకెవరికీ ఎప్పుడూ చెప్పలేదు.

పదేళ్ల కిందట పెద్ద గాలివాన వచ్చి మన వైపు కొబ్బరి, మామిడి ఏదీ మిగల్చలేదని మీ అమ్మానాన్నలు చెప్పే ఉంటారు. చర్చి రేకులు ఎగిరి ఎవరి పొలంలోనో పడ్డాయి, తూర్పు గోడ నిలువునా కూలింది, ఆవరణలో దొరల కాలం నాటి టేకు చెట్లు ఏనుగులు పడుకున్నట్టు పడిపోయాయి. సిమెంటు నేల వానాకాలం చెమ్మ ఊరి, కింద కూర్చునే ముసలాళ్ల మోకాళ్లు పీకేసేవి కనుక, ఆ టేకునే రాజాం మిల్లులో కోయించి, బాగా ఆరబెట్టి, కోత పండుగకల్లా చెక్క నేల వేద్దామని పెద్దలు తీర్మానించారు. నేల పని మీ తాతకీ, గోడ పని మీ తాత తమ్ముడికీ, అంటే తాపీ మేస్త్రి అయిన మా మరిదికీ అప్పజెప్పారు చర్చి పాస్టరు అయ్యగారు. వేరే పనివాళ్లు దొరక్క అలా చేశారో, కావాలనే చేశారో గానీ, అది విని నాకు భయమేసింది.

ఎందుకంటే అప్పటికి చాలా ఏళ్లుగా ఆ అన్నదమ్ములకి మాటల్లేవు. ఒకే ఇంటిని రెండు పాలు చేసుకున్నప్పుడు ఏదో మాటకి మాట పెరిగి, నడుమ గుమ్మాన్ని మరిది ఇటుకలు పేర్చి మూసేశాడు, మీ తాత తాను చేసిన తలుపుని ఊడబెరికి మా అటక మీద పడేశారు. మరిది పెళ్లాం నా సొంత చెల్లెలే. అక్కచెల్లెళ్లం ఒకే ఇంటి కోడళ్లమై కూడా పెరటి గోడ మీంచి కూర గిన్నెలు అందించుకుని బతికాం. ఆమెకి జ్వరమొస్తే వీధంతా చుట్టి వెళ్లాల్సొచ్చేది. ఆ గుమ్మం తెరుచుకోవాలన్నది తప్ప నాకు మరో ప్రార్థన ఉండేది కాదు.

పని మొదలయ్యాక ఒకరితో ఒకరు సూటిగా మాట్లాడేవారు కాదు. మీ తాత సుత్తికి చెప్పినట్టు చెప్పేవారు, మరిది ఇటుకకి చెప్పినట్టు బదులిచ్చేవాడు. చెక్కపొట్టు ఊడ్చే మా అక్కచెల్లెళ్లకి పమిట అడ్డుపెట్టుకుని నవ్వుకోవడమే పని. నెమ్మదిగా ఒకే కుండలో గంజి తాగారు, ఒకే చోట నడుం వాల్చారు. గోడ లేచింది, పూత ఆరింది, మీ తాత పడమటి గోడ దగ్గర మొదటి వరస పెట్టి ఒక్కో పలకే తూర్పుకి నడిపించుకుంటూ వచ్చారు. అంతా బాగానే ఉందనుకునేసరికి ఆ తూర్పు గోడ వారనే వచ్చింది చిక్కు. చెక్క ఉబ్బినప్పుడు కదలడానికి గోడ పక్కన సన్నని సందు వదిలి, దాన్ని పట్టీతో కప్పుతారు, అది మామూలే. కానీ ఇక్కడ మిగిలిన జాగా ప్రభువు బల్ల ఉన్న వైపు బెత్తెడుంటే, చర్చి గుమ్మం వైపు రెండు వేళ్లే ఉంది.

మీ తాత కాసేపు అటూ ఇటూ చూసి, అన్నేళ్ల తరవాత మొదటిసారి తమ్ముడి మొహంలోకి చూసి మాట్లాడారు. ఆ మాట ఇదీ.

"ఒరే, గోడ వంకరగా కట్టావురా."

"నా గోడ వంకరేటి? నీ సెక్కలే వంకర. మొదటి వరస పెట్టినప్పుడు కళ్లజోడు ఎట్టుకున్నావేటి?"

"నా కళ్లజోడు ఊసెందుకురా నీకు? ఈ గోడ సూస్తే దున్నపోతు కూడా మూతి తిప్పుకుంటాది."

"తిప్పుకుంటాదిలే, నీ నేల మీద నడిసిందేమో మెడ పట్టేసుంటాది!"

అక్కడున్న వాళ్లు నవ్వారు గానీ నాకు నవ్వు రాలేదు. మరిది మొహం ఎర్రబడింది. సంచిలోంచి దారపుండ తీసి, "ఇందరి ముందరే తేలిపోవాల. పాత పునాది నుండి దారం కడదాం, ఎవుడిది వంకరో అదే సెప్తాది" అంటూ ఒక కొస నా చెల్లెలి చేతికిచ్చాడు. చెల్లెలు నా వైపు చూసింది. దారం కడితే నిజం తేలుతుంది, నిజమే. తేలాక ఓడినవాడు ఇంట్లో మూసేసిన ఆ గుమ్మం వైపు మళ్లీ చూడడని మా ఇద్దరికీ తెలుసు. చేతిలో దారం కొసతో అది అడుగు కదపలేదు.

మీ తాత లేచి, దాని చేతిలోంచి ఆ కొస తీసుకుని, ఉండకి మెల్లగా చుట్టేసి తమ్ముడి సంచిలో పెట్టారు. "దారం ఎందుకురా. సెక్క మెత్తనిది, అదే సర్దుకుంటాది. నువ్వు గునపం అట్టుకో" అన్నారు.

అప్పుడు చేశారు చూడండి ఆ పని. ఒక్క ఆఖరి పలకనే కోణంగా కోసి పెడితే ఆ వంకర ప్రతివాడి కంటికీ పొడుచుకునేది. ఆయన అంతకుముందు వేసిన వరసలు కూడా కొన్ని జాగ్రత్తగా ఊడదీసి, ఐదు వరసల్లోనూ ప్రతి పలకకీ గుమ్మం వైపుకి పోతున్నకొద్దీ కాస్త కాస్త సన్నబడేలా చిత్రిక పట్టి, మొత్తం వంకరనంతా వాటికి తలా కాస్త పంచేశారు. అంచులు అలా చెక్కేస్తే నాలుకలు పోతాయి కదా, అందుకే ఐదింటికీ పైనుంచి మేకులు కొట్టాల్సొచ్చింది. పూత దెబ్బతినకుండా గోడకి చెక్కముక్క అడ్డుపెట్టి, దానిమీద గునపం ఆన్చి మరిది ఒక్కో పలకనీ బిగించి పడితే, మీ తాత మేకు దించేవారు. ఇద్దరి తలలూ దాదాపు ఆనుకునుండేవి, ఇద్దరి చెమటా ఒకే పలక మీద పడేది. మేకు తలలు లోపలికి దిగ్గొట్టి, రంపపు పొట్టు జిగురులో కలిపి మెత్తారు. ఎండిపోయి ఆ మెత్తు ఇప్పుడు రాలింది గనకే మేకులు కనబడుతున్నాయి.

కోత పండుగనాడు వరి కంకులూ, గుమ్మడికాయలూ, కాళ్లు కట్టిన కోడిపుంజులూ బల్ల ముందు పెట్టి అందరూ ఆ కొత్త నేల మీద కూర్చుంటే, వంకర ఎక్కడుందో ఎవరికీ కనబడలేదు. గోడకి వీపు ఆన్చి కూర్చున్న ముసలమ్మలు కాళ్లు బారజాపుకుని, వెచ్చగా ఉన్నాదే అని మురిసిపోయారు. ఆ పండుగ వెళ్లాక ఒక పొద్దున్న మా నడవలో దడదడ చప్పుడైతే ఉలిక్కిపడి చూశాను. మరిది అవతలి నుంచి తాను పేర్చిన ఇటుకల్ని తానే పడగొడుతున్నాడు. మీ తాత అటకెక్కి తలుపు దించారు. తీరా పెట్టబోతే అది పట్టలేదు. తలుపు ఉబ్బిందో, గుమ్మం కుంగిందో, ఈసారి ఎవరిది వంకరని ఎవరూ అడగలేదు. చిత్రిక పట్టుకుని ఇద్దరూ కింద కూర్చున్నారు.

నేను ఉండబట్టలేక మీ తాతని ఒకసారి అడిగాను, నిజం చెప్పండి, ఎవరిది తప్పు అని. "నేల సదునుగా ఉన్నాదా లేదా?" అన్నారు. ఉంది అన్నాను. "మరింకేటి? మజ్జిగ ఇయ్యి" అన్నారు. అంతటితో సరి.

ఆయన పోయిన తరవాత, సమాధి దగ్గర నుంచి అందరూ వెళ్లిపోయాక, మరిది చర్చిలో ఆ ఐదు వరసల మీదే కూర్చుని బొటనవేలితో పలకల అంచులు తడుముతూ కనిపించాడు. పక్కన కూర్చున్నాను. తలెత్తకుండానే, "వదినా, అన్నియ్య నీకేటైనా సెప్పాడా?" అని అడిగాడు. లేదన్నాను. ఆ దారపుండ ఇప్పటికీ అతని సంచిలోనే ఉంది. పునాదీ అక్కడే ఉంది, గోడా అక్కడే ఉంది, కట్టి చూడడానికి ఒక పూట చాలు. అతను కట్టలేదు, నేనూ కట్టమనలేదు.

ఇప్పుడు ఎర్ర వెలుగు గీత గోడ మీద పడేసే యంత్రాలు వచ్చాయట, వెంట్రుకంత వంకరున్నా పట్టేస్తాయట. మంచిదే. మీ ఇళ్లలో నేలలు పరిచినవాళ్లెవరో మీకు తెలీదు, గోడలు కట్టినవాళ్లెవరో నేల పరిచినవాళ్లకి తెలీదు, వంకరుంటే పీకి కొత్తది వేస్తారు, ఎవరి మనసూ నొవ్వదు. నేను మాత్రం ప్రతి ఆదివారం ఆ గోడకే వీపు ఆన్చి కూర్చుంటాను. అరికాలి కింద మేకు తలల గుంటలు తగులుతుంటాయి. ప్రసంగం నడుమ మనసు ఎటో పోయి, అక్కడికే వచ్చి ఆగుతుంది: ఆరోజు ఆ దారాన్ని ఆయన ఉండకి చుట్టేసింది తమ్ముడి గోడని కాయడానికా, తన మొదటి వరసని దాచుకోవడానికా?