రాహేలమ్మ జీతం ఏ గీతలో?

తొంభై అయిదులో నేను ఉదయగిరిలో బీఎస్సీ చదివేటప్పుడు మా కెమిస్ట్రీ ల్యాబు రాహేలమ్మ చేతిలో ఉండేది. పేరుకు అటెండరు. పగిలిన గాజు గొట్టాన్ని మంట మీద వంచి మళ్లీ పనికి తెచ్చేది. లేబుల్ ఊడిన సీసాలో ఏముందో మూత తీయగానే చెప్పేది. "మీరు వాసన చూడబాకండి, ముక్కు కాలతాది" అని మమ్మల్ని కసిరేది.

ఎకనామిక్స్ చెప్పే సురేంద్రబాబు సార్ అప్పుడు ఎంఫిల్ చేస్తున్నారు. సైన్సు పరిశోధన మీద ఏ దేశంలో యూనివర్సిటీలు ఎంత ఖర్చు పెడుతున్నాయన్నది ఆయన విషయం. సైన్స్ డే నాడు పెద్ద షీటు మీద రంగు గీతలు గీసి తెచ్చి ల్యాబు గోడకు అంటించారు. జపాన్, స్వీడన్ గీతలు బారెడు. మనది బెత్తెడు.

"ఇంకేం చదువుతాంరా!" అన్నాడు మా క్లాసు రాజమోహన్.

రాహేలమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి చాలాసేపు చూసింది.

"సార్, ఆ జపానోళ్ల గీతలో నాలాంటోళ్ల జీతం కలిపినారా?"

"ఏంది రాహేలమ్మా?"

"ఆడ కూడా ల్యాబు కడిగేవాళ్లు ఉంటారు గదా సార్. మరి మన గీతలో నా జీతం ఉండాదా?"

మేమంతా నవ్వాం. సార్ నవ్వలేదు. "తెలీదమ్మా" అన్నారు.

మర్నాడే ఆత్మకూరు వెళ్లి ఉత్తరాలు టైపు చేయించి ఆయా దేశాల యూనివర్సిటీలకు పంపారు. వానాకాలం నాటికి మూడు జవాబులు వచ్చాయి. ఒక దేశం జీతాలు, భవనాలు అన్నీ కలిపి చెబుతోంది. ఇంకొకటి ప్రాజెక్టులకు విడిగా ఇచ్చిన డబ్బే చూపుతోంది. పక్కపక్కన నిలబెట్టకూడని గీతలను నిలబెట్టానని సార్ మా ముందే ఒప్పుకున్నారు.

ఆ సాయంత్రం రాహేలమ్మను కుర్చీలో కూర్చోమని టీ తెప్పించారు. ఆమె మొహమాటంగా అంచు మీదే కూర్చుంది. ఆమె జీతంలో ఎంత భాగం లెక్కలోకి వస్తుందో తేల్చడానికి, వారంలో ఏ పనికి ఎంతసేపు పడుతుందో సార్ అడిగి రాసుకున్నారు.

"గంటలు నాకేం తెలుసు సార్? పొద్దున వస్తా, పని అయినాక పోతా."

అన్ని దేశాలకూ జీతాలు కలిపి సార్ గీసిన కొత్త షీటులోనూ మన గీత పొట్టిదే, కాకపోతే జానెడు. రాహేలమ్మ దాని ముందు నిలబడి మురిసిపోయింది. "చూసినారా, నన్ను కలిపినాక దేశం రవ్వంత ఎదిగినాది!"

తొంభై ఎనిమిదిలో ఆమె రిటైరై కలువాయిలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. తర్వాత వచ్చిన అటెండరు మంచివాడే. గొట్టం పగిలితే మాత్రం కొత్తది వచ్చేదాకా ప్రయోగం ఆగిపోయేదని మా జూనియర్లు చెప్పేవాళ్లు.