ఉప్పునీళ్ల బకెట్టులో బంగాళాదుంపలు

నా రిటైర్మెంటుకు నాలుగేళ్ల ముందు, నవంబరులో, నన్ను కోల్‌కతా బదిలీ చేశారు. బడ్జ్ బడ్జ్ దగ్గరి చిప్స్ ఫ్యాక్టరీలో డిప్యూటీ మేనేజర్ని, సరఫరాదారుల అభివృద్ధి. అంటే, మాకు పనికొచ్చే దుంప ఎలా పండించాలో పంపేవాళ్లకు నేర్పే ఉద్యోగం. హోదా ఇచ్చారు, జీపు ఇవ్వలేదు. అది కొనుగోళ్ల జనరల్ మేనేజరు దగ్గర ఉండేది. మూడుసార్లు కాగితం పెట్టాను. మూడింటి నకళ్లూ నా దగ్గరున్నాయి.

లారీ గేటుకు రాగానే నమూనా తీసి ఉప్పునీళ్ల బకెట్టులో వేసేవాళ్లం. గట్టి దుంప మునుగుతుంది, నీటి దుంప తేలుతుంది. నీటి దుంపను వేయిస్తే నూనె ఎక్కువ తాగుతుంది. ఒక సీజన్లో మూడు లారీలు వెనక్కి వెళితే ఆ సరఫరాదారుడి పేరు జాబితాలోంచి కొట్టేస్తారు.

ఫిబ్రవరిలో హుగ్లీ జిల్లా సరఫరాదారుడు నిత్యానందదా (అక్కడ అన్నను దాదా అంటారు, పేరు చివర దా చేరుస్తారు) తెచ్చిన రెండో లారీ దుంపలు కూడా తేలాయి. ఆయన వెనక ఒక ఊరు ఊరంతా మా కోసమే ఈ చిప్స్ రకం దుంప వేసింది. కూరకు దాన్ని బజారులో ఎవరూ అడగరు.

నమూనాలు తీసే అప్పన్న శ్రీకాకుళం వాడు. బకెట్టులోకి తొంగి చూసి, "ఏటి బాబూ, ఇవి దుంపలా, బాతులా?" అన్నాడు. అదే మాట బెంగాలీలోనూ చెప్పాడు.

నిత్యానందదా నవ్వలేదు. "మునిగితే మంచిదని మీ గేటు దగ్గరే విన్నాను. మా ఊళ్లో మునిగినవాణ్ణి ఎవరూ మెచ్చుకోరు" అన్నాడు.

తవ్వడానికి ఎన్నాళ్ల ముందు పొలానికి చివరి తడి పెట్టారని అడిగాను. నాలుగు రోజులన్నాడు. "తూకం రావాలి కదా, దాదా!"

తాతల నాటి నుంచీ అదే పద్ధతి. మా ఒప్పందంలో విత్తనం ఉంది, ఎరువు ఉంది, చివరి తడి ఎప్పుడు ఆపాలో లేదు. తప్పు మన కాగితానిదని సమావేశంలో చెప్పాను. "మీరు కంపెనీ తరఫా, వాళ్ల తరఫా?" అని జనరల్ మేనేజరు అందరి ముందూ అడిగారు. దుంప తరఫు అన్నాను. ఆ మాట మినిట్స్‌లో ఎక్కలేదు.

సెలవు పెట్టి, హౌరాలో లోకల్ ట్రైన్ ఎక్కి ఆ ఊరు వెళ్లాను. తవ్వడానికి రెండు వారాల ముందే తడి ఆపమన్నాను. గట్టు మీద కూర్చున్న పక్క పొలం ముసలాయన, "కంపెనీ బాబు వచ్చాడు, ఇక వానదేవుడిక్కూడా సెలవు చీటీ రాసిస్తాడు" అన్నాడు.

నిత్యానందదా ఒక్కటే అడిగాడు, తూకం తగ్గదా అని. తగ్గుతుందన్నాను. "కంపెనీవాడి నోట ఆ మాట వినడం ఇదే మొదలు" అని, అందరికంటే ముందు తనే తన పొలంలో పంపు కట్టేశాడు. మిగతావాళ్లు గొణుక్కుంటూ కట్టేశారు.

మార్చిలో మూడో లారీ వచ్చింది. అప్పన్న ఒక్కొక్కటే వేశాడు. రెండు తేలాయి, మిగతావన్నీ అడుగుకు చేరాయి. లారీ లోపలికి వెళ్లింది, ఆ ఊరి నుంచి తర్వాత వచ్చినవీ వెళ్లాయి. ఆ నెల దుంపల్లేక లైను ఒక్కసారీ ఆగలేదు. నూనె డ్రమ్ములు అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు వచ్చాయి.

నెలవారీ సమీక్షలో జనరల్ మేనేజరు ఇదంతా దుంపలు వేయించే కొత్త ఫ్రయ్యరు గొప్పతనమన్నారు. ఫ్రయ్యరు నేను రాకముందే ఉంది, ఫిబ్రవరిలో ఏం చేస్తోందని అడిగాను. టీ వచ్చింది. మరుసటి నెల నన్ను ప్యాకింగ్ సామగ్రి విభాగానికి మార్చారు, పరిపాలనా సౌలభ్యం కోసమట.

తర్వాతి సీజన్ ఒప్పందంలో చివరి తడి గురించి ఒక వాక్యం చేరింది. కింద జనరల్ మేనేజరు సంతకం ఉంది. నిత్యానందదా పేరు జాబితాలోనే ఉంది.

గేటు దగ్గర దుంపను తిప్పి పంపగలం గాని బాగుచేయలేం. అది మట్టిలో ఉండగానే మనం పొలానికి వెళ్లాలి. సరఫరాదారుడు చెడ్డ సరుకు పంపాడనే ముందు, మంచి సరుకు ఏదో అతనికి చెప్పామా అని మన కాగితం తీసి చూసుకోవాలి. ఆ రెండు లారీల విషయంలో మేం చెప్పలేదు.