పిడులత్త కట్టిచ్చిన రెండు కత్తులు

పిడులత్త పోయిందన్న కబురు నాకు మొన్న సోమవారం పొద్దున్న తెలిసింది. భావనపాడు నుంచి వచ్చిన చేపల్ని ఆటోలోంచి దించుకుంటున్నాను. అత్త కూతురు ఫోన్ చేసి, "వదినా, అమ్మ నిద్దట్లోనే ఎల్లిపోనాది" అంది. ఆ పిల్ల ఏడవలేదు. నేనూ ఏడవలేదు. చేపల మీద ఐసు కప్పి, పక్క దుకాణం ఆవిడకి చెప్పి, చేతులు కడుక్కుని బయలుదేరాను. దారిలో చీపురుపల్లి రైల్వే గేటు పడింది. గూడ్సు బండి వెళ్తున్నంతసేపూ నా కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడ్డానని గేటు లేచాక గాని నేను చూసుకోలేదు.

ఆవిడ నాకు చుట్టం కాదు. మావి చేపలు అమ్ముకునే కుటుంబాలు, వాళ్ళు మిషన్ చర్చికి వెళ్ళే కుటుంబం. నేను పెళ్ళై ఈ ఊరొచ్చిన కొత్తలో మా అత్తగారు ఆవిడని వదినా అనేది, దాంతో నాకు అత్త అయింది. కత్తులకీ కొడవళ్ళకీ పిడులు వేయడం ఆవిడ పని. ఊళ్ళో అందరికీ పిడులత్తే. అలుగులు, అంటే కోసే ఇనప రేకులు, పాతపట్నం దగ్గర వాళ్ళ తమ్ముడి కొలిమిలో తయారయ్యేవి. అత్త వాటికి కర్ర చెక్కి, బిగించి, నూనె పట్టించి సంతలో గోనె మీద పరిచేది.

మీరు ఎప్పుడైనా ఆవిడ దగ్గర కత్తి కొని ఉంటే మీకు గుర్తుంటుంది. ధర చెప్పేది కాదు ముందు. "ఏటి కోస్తావు?" అని అడిగేది. కూరలా, మాంసమా, కొబ్బరికాయలు కొడతావా, ఇంట్లో ఇంకెవరైనా వాడతారా అని అడిగి, అప్పుడు మీ చెయ్యి తన చేతిలోకి తీసుకుని మణికట్టు పట్టి ఊపి చూసేది. కొందరు కోడళ్ళు సిగ్గుపడేవారు. కొందరు మగాళ్ళు విసుక్కునేవారు. ఆవిడ వదిలేది కాదు.

కత్తులు రెండు రకాలు ఉంటాయని నాకు చెప్పింది ఆవిడే. అలుగు వెనక పిడిలోకి వెళ్ళే ఇనుముని తోక అంటారు. ఆ తోక పిడంత వెడల్పుగా చివరిదాకా వచ్చి, అటొక చెక్క ఇటొక చెక్క పెట్టి రివిట్లు కొడితే అది చెక్కల కత్తి. పిడి అంచున ఇనుము గీతలా కనబడుతుంది. తోకని సన్నగా సాగదీసి, ఎర్రగా కాల్చి కర్ర నడుమకి దించి, సందుల్లో లక్క పోస్తే అది గుచ్చు కత్తి. పైకి కర్రే కనబడుతుంది. ఏది మంచిదని అడిగితే, "ఎవలికి?" అనేది అత్త. అంతకంటే చెప్పేది కాదు.

నా సంగతికి వస్తాను. మా వాళ్ళు చాలామంది కత్తిపీట మీద కోస్తారు. నాకు మొదటినుంచీ మోకాళ్ళ నొప్పి, నేలమీద కూర్చోలేను. నిలబడి చింతమొద్దు మీద కత్తితో కోస్తాను. ఒక ఏడాది తీర్థంలో, జాతర దుకాణంలో కొన్న కత్తి ఒకటి వాడేదాన్ని. మెరిసే పిడి, చూడ్డానికి బావుండేది. ఒక ఆదివారం, బేరం బాగా ఉన్నప్పుడు, పెద్ద కోనాం చేప తల కొడుతుంటే అలుగు చేపలో ఇరుక్కుంది. నేను గట్టిగా లాగాను. పిడి నా చేతిలోకి వచ్చింది, అలుగు తిరిగి నా కుడి అరచేతి మీద పడింది.

కుట్లు వేశారు. చెయ్యి దక్కింది గాని, ఉంగరం వేలు, చిటికెన వేలు ముడుచుకోవడం మానేశాయి. దానికంటే పెద్ద దెబ్బ భయం. ఇంట్లో ఉల్లిపాయ కోయాలన్నా కత్తి తీసి మళ్ళీ పెట్టేసేదాన్ని. మా ఆయన చెడ్డవాడు కాదు. "ఇంక ఆ పని ఒగ్గీయే. ఇడ్లీ బండి పెట్టుకుందాం" అన్నాడు. సరే అందామనే అనుకున్నాను. కానీ మా అమ్మ పక్కన నిలబడి చేప కోయడం నేర్చుకున్నదాన్ని. నాకు బాగా వచ్చిన పని అదొక్కటే.

అత్త మా ఇంటికి వచ్చింది. పళ్ళూ కాఫీ పొడీ ఏం తేలేదు. "ఆ కత్తి ఏదే?" అంది. మా ఆయన అటక మీంచి తీసిచ్చాడు. అలుగు వెనక బొటనవేలంత కూడా లేని తోక ముక్క, దానికి ఎండిపోయిన జిగురు. అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మా ఆయన చేతికే తిరిగి ఇచ్చేసింది.

"నీ తప్పేటీ నేదు పిల్లా. దీన్ని కత్తి అని అమ్మకూడదు" అంది.

ఆ మాట కోసం నేను ఎన్నాళ్ళుగా ఎదురు చూశానో నాకు అప్పుడే తెలిసింది. అందరూ జాగ్రత్త ఉండాల్సింది అన్నవాళ్ళే.

"అత్తా, నాకు చెక్కల కత్తి కట్టు. చివరిదాకా ఇనుము నా కంటికి కనబడాల. గుచ్చు కత్తి మళ్ళీ ముట్టను" అన్నాను.

"నీకెలాగ కావాలంటే అలాగే" అంది.

కట్టిచ్చింది. గట్టి కత్తి. తల మీద వేస్తే ఒక్క దెబ్బకి దిగేది. దాని పిడి అంచున ఆ ఇనప గీత చూసుకుంటూ మళ్ళీ మొద్దు దగ్గర నిలబడ్డాను. అయితే ఆ బరువంతా పట్టాల్సింది నాకు మిగిలిన రెండు వేళ్ళూ బొటనవేలూ. కొడితే అదురు ఇనుములోంచి నేరుగా మణికట్టుకి వచ్చేది. మధ్యాహ్నానికి చెయ్యి వాచిపోయేది. ముక్కలు ఒకటి మందం, ఒకటి పల్చన. "ఏటమ్మా, కోత మర్సిపోనావా?" అని ఎప్పుడూ వచ్చే మేష్టారు నవ్వుతూనే అన్నారు. ఆ రోజు ఇంటికెళ్ళి ఇడ్లీ బండి సంగతి నేనే ఎత్తాను.

మా ఆయన అత్తతో చెప్పినట్టున్నాడు. మర్నాడు వచ్చి నా మొద్దు పక్కన బకెట్టు బోర్లించుకుని కూర్చుంది. బేరం అయ్యేదాకా అక్కడే ఉంది. నా మొహం చూడలేదు, చెయ్యే చూసింది. అందరూ వెళ్ళాక కొంగులోంచి తడి బంకమట్టి ముద్ద తీసి నా చేతిలో పెట్టింది.

"కత్తి పట్టుకున్నట్టు పట్టుకో."

నొక్కాను. మట్టి మీద బొటనవేలూ రెండు వేళ్ళూ లోతుగా దిగాయి. చివర రెండు వేళ్ళ దగ్గర మట్టి అలాగే ఉంది. అత్త ఆ ముద్దని పసిపిల్లని ఎత్తుకున్నంత మెల్లగా తీసుకెళ్ళింది.

తర్వాతి సంతకి ఒక కత్తి తెచ్చింది. సన్నటి అలుగు, జామకర్ర పిడి. చివర నా ముడుచుకోని వేళ్ళకి ఆనేలా లావుగా చెక్కింది. పట్టుకోగానే చేతికి బరువు తెలియలేదు. ఆ క్షణంలోనే అర్థమైంది, ఇది గుచ్చు కత్తి. మొద్దు మీద పెట్టేశాను.

"వద్దని సెప్పేను గదత్తా."

"తేలిగ్గున్నాదా నేదా?"

"ఉంది. లోపల ఏముందో నాకు తెలీదు గదా."

అత్త కోప్పడలేదు. సంచీలోంచి ఉలి తీసింది. కత్తిని మొద్దు మీద పడుకోబెట్టి, పిడి మీద ఉలి ఆనించి సుత్తితో కొట్టింది. నేను ఆపేలోపే జామకర్ర రెండుగా విచ్చుకుంది. నున్నగా నూనె తాగి, అద్దంలా ఉన్న పిడి అది.

"సూడు" అంది.

తోక అలుగు దగ్గర వేలంత లావు. అక్కణ్ణించి సన్నబడుతూ పిడి పొడుగునా వెళ్ళి, చివర బయటికొచ్చి, రేకు బిళ్ళ మీద మడత పడింది. చుట్టూ లక్క, ఎక్కడా ఖాళీ లేదు. నా వేలితో మొదటినుంచి చివరిదాకా తడిమాను. అత్త తొందర పెట్టలేదు.

"ఇది ఊడి రావాలంటే ఇనుమే తెగాల. నీకు బయమేస్తాది, నాకు తెల్సు. నా మాట నమ్మమని సెప్పను. నువ్వే సూసుకో."

విరిగిన చెక్కలూ అలుగూ తీసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ కొత్త కర్ర తెచ్చి, మళ్ళీ చెక్కి, మళ్ళీ దించి ఇచ్చింది. ఆ కత్తితో మొదట కోసింది చందువా చేప. ముక్కలు ఒక్కలాగే పడ్డాయి. నేను అత్త వైపు చూశాను. ఆవిడ పక్క దుకాణంలో రొయ్యలు బేరమాడుతోంది.

చెక్కల కత్తి తిరిగి ఇచ్చేయబోతే తీసుకోలేదు. "తలకాయలు దేంతో కొడతావే?" అంది. అప్పటినుంచీ మొద్దు మీద రెండూ ఉంటాయి. ముళ్ళకీ తలకీ అది, ముక్కలకి ఇది. ఉప్పునీళ్ళు చెక్కల సందుల్లో నిలిచిపోతాయని, రోజూ తుడిచి నూనె రాయమని ఆవిడ చెప్పింది, రాస్తున్నాను. మా పిల్లల చదువులూ, ఇంటి మీద స్లాబూ, మా అత్తగారి మందులూ అన్నీ ఆ మొద్దు మీంచే వచ్చాయి. ఒకసారి ఆ మాటే చెప్పి కాళ్ళకి దణ్ణం పెట్టబోయాను. వెనక్కి జరిగి, "నాకెందుకే, దేవుడికి సెప్పు" అంది. ఏ దేవుడికో చెప్పలేదు. నేను ఇద్దరికీ చెప్పుకున్నాను.

ఆదివారం పనిముట్టు ముట్టేది కాదు. అయినా చర్చి నుంచి మా ఇంటి మీదుగా వెళ్తూ టీ తాగేటప్పుడు, వంటింట్లో కత్తులన్నీ తీసి పిడులు కదిపి చూసేది. ఈమధ్య చూపు మందగించాక బొటనవేలితో తడిమేది. నెల కిందట వచ్చినప్పుడు నా వేళ్ళు పట్టుకుని మెల్లగా వంచి చూసి, "కొంచెం వంగుతన్నాదే" అంది. నిజానికి వంగడం లేదు. నేను అవునన్నాను.

సోమవారం సాయంత్రమే అత్తని చర్చి వెనక సమాధుల దొడ్డిలో పాతిపెట్టారు. సంతలో వాళ్ళం చాలామందిమి వెళ్ళాం. మాకు వాళ్ళ పాటలు రావు, వెనక వరసలో నిలబడ్డాం. అందరూ వెళ్ళాక అత్త కూతురు నన్ను ఇంటికి తీసుకెళ్ళింది. ఆ పిల్ల విజయనగరంలో నర్సు, ఈ పని నేర్చుకోలేదు. అత్త మంచం చూపించి, నన్ను కిందకి వంగి చూడమంది.

కర్రముక్కలు. చింత, జామ, తుమ్మ. పగలకుండా రెండు కొసలకీ మైనం పూసి, గాలి ఆడేలా అడ్డంగా నిలువుగా పేర్చి ఉన్నాయి.

"ఈ ఎండాకాలమే కోయించింది వదినా. ఇంకో రెండేళ్ళు ఎండాలంట. ఏటి సెయ్యను వీటిని?"

నా మోకాళ్ళ నొప్పి ఓర్చుకుని నేనూ మెల్లగా కిందకి దిగాను. ఇద్దరం నేలమీద కూర్చుని, అడుగున కొంచెం చెమ్మగా ఉన్న ముక్కల్ని పైకి తీసి, పైవాటిని కిందికి మార్చి, మళ్ళీ గాలి ఆడేలా పేర్చాం.