దొడ్డి జాగా, పొడి ప్రసాదం

ఈ కార్తీక సోమవారం మా కోడలు ప్రసాదానికి రవ్వ వేయిస్తూ, నెయ్యి చాలలేదని నొచ్చుకుంది. నాకు నవ్వాగలేదు. కావాలనే నెయ్యి తగ్గించి పగ తీర్చుకున్న మనిషి మా వాళ్లలోనే ఉండేది, మా మేనత్త.

అత్తది మర్రిగూడ పక్క పల్లె, గొర్లు కాసే ఇల్లు. తెలంగాణ వచ్చిన మరుసటేడు మామ పోయాడు. దినాలు కూడా కాకముందే మరిది ఆమె గొర్ల దొడ్డి చుట్టూ ముళ్లకంప నాటి, జాగా తనదన్నాడు. పెద్దమనుషుల్ని కూర్చోబెడితే, "మొగోడు లేని ఇంటికి దొడ్డెందుకు? ఇగ నీ ఇంట్ల మంచినీళ్లు ముడితే నేను మా నాయినకు పుట్టలే" అని ఒట్టు పెట్టుకుని లేచి వెళ్లిపోయాడు. ఆ వానాకాలం నిలవనీడ లేక మందలో కొన్ని గొర్లు చచ్చాయి. అత్త ఏడవలేదు. "నా ఇంటి నీళ్లే తాగుతడు. నేనే తాపిస్త" అంది నాతో. ఆ కళ్లు చూసి నాకే భయమేసింది.

కార్తీకం రాగానే సత్యనారాయణ వ్రతం పెట్టుకుంది. వ్రతం సంగతి చెవినపడ్డాక ప్రసాదం వద్దంటే పాపమని మావైపు పిల్లాజెల్లాకూ తెలుసు. అత్త వాడకట్టంతా వినేటట్టు, "మరిదీ, సామి ప్రసాదం తీస్కపో!" అని కేకేసింది. ఆయనకు సామి భయం ఎక్కువ. వచ్చి గడపలోనే నిలబడి, "గిది సామిది, నీది గాదు" అన్నాడు. "అట్లనే గానీ, కింద పడనియ్యకు" అంటూ అత్త దోసిలి నిండా పెట్టింది. సామి ముందు రెండు గిన్నెలు పెట్టింది లెండి. ఊరికి నెయ్యి కారేది, మరిదికి ఒట్టి రవ్వా చక్కెరా. రెండు బుక్కలకే ఆయన గొంతు పట్టేసింది. దగ్గుతూ నీళ్లకు చెయ్యి చాపాడు. పెద్దమనుషులంతా అక్కడే ఉన్నారు. అత్త చెంబు పట్టుకుని నింపాదిగా నిలబడింది.

"ప్రసాదం సామిది. నీళ్లు మాత్రం నావి. తాగుతవా?"

చెంబు ఖాళీ చేశాడు. ఎవరో కిసుక్కుమన్నారు.

"ఒట్టు పాయె. మీ నాయినకు పుట్టినోనివే అయితే, ఆయన పంచిచ్చిన జాగ ఇడిచిపెట్టు" అంది అత్త.

తెల్లారేసరికి కంప లేదు.

అంతటితో చాలనుకున్నాను. ఎక్కడ! ఏటా కార్తీకంలో అదే కేక, అదే పొడి రవ్వ. "ఇంకా ఎందుకత్తా?" అంటే, "సచ్చిన నా గొర్లు తిరిగొచ్చినయా?" అనేది. నిజం చెప్పొద్దూ, ఆయన దగ్గుతుంటే నాకూ కడుపు నిండేది. కాలం అన్నీ మరిపిస్తుందంటారు గానీ, మా అత్త దగ్గరికి అది ఏటా కార్తీకమై వచ్చి, గుర్తుచేసి పోయేది.